పూల సంత రేవులో సాలూరు ఈల

నేను ఒక ఈలను. ఎవరో ఒకరు నోట్లో పెట్టుకుంటే తప్ప నోరు విప్పలేని దాన్ని. విప్పానంటే మాత్రం అరవై మంది ఎక్కిన బస్సును, దాన్ని నడిపే డ్రైవరును, బస్సుకు అడ్డం వచ్చిన గేదెను కూడా ఒక్క కూతతో నిలబెట్టిన దాన్ని. గొప్పకు చెప్పుకుంటున్నానని అనుకుంటారేమో. అవును, గొప్పకే చెప్పుకుంటున్నాను. నన్ను చూడాలంటే ఇప్పుడు మీరు సాలూరు వెళ్లి లాభం లేదు. బ్యాంకాక్ రావాలి. నది ఒడ్డున పూల సంత రేవులో నిలబడి, పడవలు వచ్చేటప్పుడు చెవి ఒగ్గి వినాలి. అన్ని ఈలలూ ఒకలాగే కూస్తాయి. మధ్యలో వణికేది నేను.

ఆ వణుకు నాకు పుట్టుకతో రాలేదు. మీరట్‌లో ఆటసామాన్లు చేసే ఒక ఇరుకు వీధిలో ఇత్తడి రేకు వంచి, అతికి, తెల్లపూత పూసి, కడుపులో చిన్న బెండు ఉండ వేసి నన్ను తయారుచేశారు. డజను ఈలలను ఒక అట్టపెట్టెలో సర్దారు. ఆ పెట్టెలో ఉన్నంతకాలం పన్నెండు మందిమీ ఒకటే గొంతు. మనుషులు పిల్లల్ని చూసి అచ్చం తండ్రి పోలికే అని మురిసిపోతారు గాని, అచ్చం పక్కవాడిలా ఉండటంలో ఏం సుఖముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నన్ను కొన్నది బొబ్బిలి ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు లక్షుంనాయుడు. అయిదేళ్లు ఆయన మెడలో వేలాడి ఎండకు ఎండి వానకు తడిశాను. నా కడుపులో బెండు ఉండ పొడిపొడి అయి రాలిపోయింది. ఇంకెవరైనా అయితే నన్ను పారేసి కొత్తది కొనేవారు. ఆయన చెల్లెలి పెళ్లిలో బాసికం చేయగా మిగిలిన జీలుగు బెండు ముక్క తెచ్చి, బ్లేడుతో చెక్కి, ఉండగా చేసి, నా నోటి సందులోంచి ఒత్తి లోపలికి దూర్చారు. ఉండ కొలత కాస్త పెద్దదైంది. అప్పటినుంచి నా కూత సూటిగా పోవడం మానేసింది. మధ్యలో ఒక వణుకు వణికి, చివర్లో గుడగుడమని ఆగేది. కబడ్డీ ఆడే పిల్లలు మొదటిరోజు పడీ పడీ నవ్వారు. నేను మాత్రం ఆ రోజు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. లోకంలో నాలాంటి గొంతు ఇంకొకటి లేదు.

ఆ నవ్విన పిల్లల్లో పైడితల్లి ఒకతె. కబడ్డీలో ఆమె చేతికి కాలు దొరికితే ఇక వదలదు. తర్వాత సాలూరు డిపోలో కండక్టరు ఉద్యోగం వచ్చి, మాస్టారి కాళ్లకు దండం పెట్టడానికి వచ్చింది. ఆయన మెడలోంచి నన్ను తీసి ఆమె చేతిలో పెట్టారు.

"గ్రౌండులో ఎంత అరిసినా నీ గొంతు పోలేదు. బస్సులో పోతాదమ్మా. దీన్ని అరవనీ" అన్నారు.

ఇక ఇరవై రెండేళ్లు అరిచాను. సాలూరు, రామభద్రపురం, మానాపురం, గజపతినగరం, విజయనగరం. మళ్లీ వెనక్కి. ఒకటి పొడుగ్గా కూస్తే ఆపమని, రెండు పొట్టిగా కూస్తే పోనిమ్మని. ఈ రెండు ముక్కలతోనే మా ఇద్దరి జీవితం గడిచింది. మనుషుల తీరు కూడా ఆ ఫుట్‌బోర్డు మీదే చూశాను. ఊరు వస్తోందని మూడుసార్లు చెప్పినా కదలని మనిషి, బస్సు కదిలాక మాత్రం "ఆపండాపండి, ఇదే మా ఊరు" అని లేస్తాడు. ఒక్కరోజు కూడా పైడితల్లి అలాంటి మనిషిని ముందు ఊరికి తీసుకుపోలేదు. తిట్టేది, ఆపించేది, దింపేది. అదీ ఆ వరస.

నిరుడు మా రూటుకు డ్రైవరే టికెట్ ఇచ్చే బస్సులు వచ్చాయి. పైడితల్లిని బస్టాండులో మైకు గదిలో కూర్చోబెట్టారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో చెప్పడం ఆమె పని. ఖాకీ కోటు వేసుకునేది, నన్ను మెడలో వేసుకునేది, ఊదేది మాత్రం కాదు. ఊదని ఈల ఎంత బరువో ఆ ఏడాదే తెలిసింది. ఒకరోజు ఆమె పన్నెండు రోజులు సెలవు రాసి, అన్న కొడుకు దగ్గర ఎన్‌సీసీ భుజాల సంచి అడిగి తీసుకుంది. ఎక్కడికి, ఎవరితో అని డిపో అంతా అడిగారు.

"ఒక్కద్దాన్నే ఎల్తన్నాను. ఇరవై రెండేళ్లు ఒకటే రోడ్డు మీద తిరిగినాను. ఏ రోడ్డు ఎక్కడికెల్తాదో తెలీని ఊల్లో ఒక్కసారి తిరగాల" అంది.

విశాఖలో విమానం ఎక్కి, బ్యాంకాక్‌లో దిగి, రోడ్డు మీదకు వచ్చిన మొదటి అయిదు నిమిషాల్లోనే నాకు మతిపోయింది. ఈ ఊరంతా ఈలలే. అంగడి ముందు కార్లను వెనక్కి రప్పించే కాపలావాడి మెడలో ఈల. కూడలిలో పోలీసు నోట్లో ఈల. పెద్ద భవనాల గేట్ల దగ్గర తెల్ల గ్లౌజులు వేసుకుని ఒకతను ఊదుతూనే ఉన్నాడు, వచ్చే కారుకీ, పోయే కారుకీ, అసలు కారే లేనప్పుడూ. నా పుట్టింటికి వచ్చినట్టుంది. పైడితల్లి అవస్థ మాత్రం వేరు. ఎక్కడ రెండు కూతలు వినబడితే అక్కడ ఆమె కాలు దానంతటదే ముందుకు పడేది. ఒక్కటి పొడుగ్గా వినబడితే టక్కున ఆగిపోయేది. వెనక వస్తున్నవాళ్లు వచ్చి ఆమె సంచికి గుద్దుకునేవారు. తొలిరోజు ఒక దుకాణం మెట్ల మీద ఎక్కడం, ఆగడం, ఎక్కడం, ఆగడం చూసి కాపలావాడు ఊదడం మానేసి ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

హాస్టల్లో ఆమెది కింది మంచం. పై మంచం రజితది. బెల్లంపల్లిలో ల్యాబ్ టెక్నీషియను, ఇరవై ఎనిమిదేళ్లది, ఆమె కూడా ఒంటరిగానే తిరగడానికి వచ్చింది. తెలుగు వినబడగానే ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నారు. కలిసి బొప్పాయి కాయను రోట్లో దంచే పచ్చడి తిన్నారు. కొబ్బరిపాలు పోసిన జిగురన్నంలో మామిడిపండు ముక్కలు పెట్టుకుని తిన్నారు. అయితే పొద్దున్నే రజిత గుళ్లకు పోతే పైడితల్లి బస్సులకు పోయేది. మొదటి స్టాపులో ఎక్కడం, చివరి స్టాపులో దిగడం. ఈ ఊరి బస్సుల్లో ఆడ కండక్టర్లు పొడుగాటి రేకు గొట్టాన్ని చేత్తో టకటకలాడిస్తూ జనం మధ్యలోంచి వస్తారు. టికెట్లన్నీ ఆ గొట్టంలోనే. ఆ టకటక వినగానే పైడితల్లి మొహం చేటంత అయ్యేది.

"అందరు గుళ్లు చూస్తరు, నువ్వు బస్సులు చూస్తున్నవ్. శనివారం మాత్రం నాతోని రావాలె అక్కా, పట్టాల మీద సంత పెడ్తరంట, రైలు రాంగనే గొడుగులు ముడుస్తరంట" అంది రజిత.

పైడితల్లికి కూడా ఆ రైలు సంత చూడాలని మొదటినుంచీ ఆశ. ఫోన్లో ఆ వీడియో ఎన్నిసార్లు చూసిందో నాకు లెక్కలేదు. శనివారం పొద్దున సంత, సాయంత్రం ఎవరి విమానం వాళ్లకు. అలా అనుకున్నారు.

గురువారం ఉదయం, అంటే ఇంక మూడు రోజులే ఉండగా, పైడితల్లి నది పడవ ఎక్కింది. పొడుగాటి పడవ, బస్సు సీట్లలాగే వరసగా సీట్లు. రేవు నుంచి రేవుకు పోతుంది, జనం ఎక్కుతారు, దిగుతారు. ఎక్కీ ఎక్కగానే ఆమె అలవాటుగా వెనకకు పోయి నిలబడింది. అక్కడ నేను చాబాను చూశాను, పేరు తర్వాత తెలిసింది. ముప్పై అయిదేళ్లుంటాయి. బిగించిన జడ, చేతికి తాడు ఒరిసిన గుర్తులు, మెడలో సన్నని స్టీలు ఈల. పడవ రేవుకు చేరువవుతుంటే ఆమె అంచు మీద నిలబడి కిచకిచ ఊదేది. ముందు గదిలో కూర్చున్న ముసలి సరంగుకు వెనక ఏం జరుగుతోందో కనబడదు. ఆమె ఊదే కూతల్ని బట్టే పడవను దగ్గరకు తెచ్చేవాడు, ఆపేవాడు, కదిలించేవాడు. తాడు విసిరి, గుంజకు బిగించి, రేవు మీదకు దూకి, మనుషుల్ని చెయ్యి పట్టి దించి, మళ్లీ లోపలికి దూకి ఊదేది. ఇదంతా మీరు గుక్క తిప్పుకునే లోపలే. నాకు అసూయ కలిగింది, సిగ్గులేకుండా చెబుతున్నాను. పైడితల్లికి మాత్రం తన డిపో మనిషి కనబడినంత ఆనందం. ఆమె ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో నన్ను తీసి పెదవుల మధ్య పెట్టుకుంది. బస్సు స్టాపు దగ్గర పడుతుంటే ఇరవై రెండేళ్లుగా చేసినట్టే.

పూల సంత రేవులో గొడవ జరిగింది. చాబా ఒక పెద్దాయన్ను దించడానికి రేవు మీదకు దిగింది. తామర మొగ్గలు నింపిన పెద్ద గంప పట్టుకుని ఒక పూలామె ఎక్కబోతోంది. ఒక కాలు పడవలో, ఒక కాలు రేవు మీద. ఏదో పెద్ద పడవ పోయిన అలకు మా పడవ ఊగింది, సందు వెడల్పయింది. పైడితల్లికి అది పడవ బయలుదేరినట్టే అనిపించింది. ఒక్కటి పొడుగ్గా ఊదింది. ఆపమని. నేను శక్తికొద్దీ కూశాను.

పడవ ఆగలేదు. ఒక్క ఊపున ముందుకు పోయింది. పూలామె కాలు జారింది, గంప నీళ్లలో పడింది. రేవు మీదనుంచి చాబా ఒక్క దూకు దూకి ఆమె నడుం పట్టుకుంది. ఇద్దరూ పడవలో బోర్లా పడ్డారు. సరంగు కేకలు విని ఇంజను ఆపాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, పూలామె మోచెయ్యి గీసుకుంది అంతే. తామర మొగ్గలు మాత్రం రేవు చుట్టూ తేలుతూ ఉండిపోయాయి. రేవు అధికారి పరుగెత్తుకొచ్చి చాబాతో ఏదో గట్టిగా మాట్లాడాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. సరంగు కూడా ఏదో అన్నాడు. ఆ మాట విని చాబా తల ఊపడం మానేసింది. అధికారి చేత్తో ఆమెను దిగమన్నాడు. వేరే అతను తాడు పట్టుకున్నాడు, పడవ సాగింది.

ఇక ఆ మధ్యాహ్నమంతా పైడితల్లి పొగరు చూడాలి. "నాను ఊదబట్టే ఆ పిల్ల ఇటు సూసి పూలమ్మిని పట్టుకున్నాది. ఊదినా ఆపనేదు, ఏటి డ్రైవరో" అని తనలో తనే అనుకుంటూ తిరిగింది. నేనూ నా వణుకుగొంతుతో ఒక ప్రాణం కాపాడానని ఉబ్బిపోయాను. సాయంత్రం, ఎండ తగ్గే వేళకు, కాల్చిన అరటిపళ్లు కొనుక్కుని వచ్చి అదే రేవు మెట్ల మీద కూర్చుంది. పడవలు వస్తున్నాయి, పోతున్నాయి. ఆమె చెవులు ఊరుకునే రకం కాదు. మొదటి పడవకు వింది. రెండో పడవకు అరటిపండు నోటిదాకా తెచ్చి ఆపింది. మూడో పడవకు లేచి నిలబడింది. పొట్టి కూతలు వేస్తే పడవ దగ్గరకొచ్చి ఆగుతోంది. అందరూ ఎక్కాక ఒక్కటి పొడుగ్గా వేస్తే కదులుతోంది.

నాలుగో పడవ వచ్చి పోయేదాకా కూడా చూసింది, తన లెక్క తప్పయితే బాగుండునని. తప్పు కాలేదు. మెట్ల మీద కూలబడింది. నా ఒళ్లు చల్లబడిపోయింది. అరిచింది నేనే మరి.

హాస్టల్‌కు వచ్చి సంచి పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

"ఏమైంది అక్కా, గట్ల కూసున్నవేంది" అంది రజిత.

"ఆ పిల్ల ఊదనేదు. నానే ఊదినాను. ఈల్ల పడవల్లో పొడుగ్గా ఊదితే ఎల్లిపొమ్మనంట. నాను సంపీబోయిన మనిసిని ఆ పిల్ల కాపాడినాది. మాట పడ్డాది మాత్రం ఆ పిల్ల" అంది పైడితల్లి.

రజిత వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. తర్వాత, "గా పడవ మనిషికి నువ్వెవరో తెల్వదు. ఎల్లుండి నువ్వు పోతున్నవ్. ఎవరన్న అడిగిన్రా నిన్ను" అంది. పోనీలే అని చెప్పడానికి కాదు, ఆమె ఏం చేస్తుందో చూడటానికే అన్నట్టుంది.

"అడగనేదు. అందుకే ఎల్లాల" అంది పైడితల్లి.

శుక్రవారం పొద్దున్నే ఇద్దరూ రేవుకు పోయారు. చాబా టికెట్ల బల్ల దగ్గర కూర్చుని ఉంది. మెడలో ఈల లేదు. పైడితల్లి ఫోన్లోని అనువాదం యాప్‌కు గబగబా అంతా చెప్పింది. ఆ యాప్‌కు విజయనగరం జిల్లా మాట ఒంటబట్టలేదు. ఏం చెప్పిందో గాని చాబా కళ్లు పెద్దవి చేసి చూసింది. రజిత ఫోను లాక్కుని పాఠం అప్పజెప్పినట్టు నెమ్మదిగా పుస్తకాల తెలుగులో మళ్లీ చెప్పింది. ఈసారి చాబాకు అర్థమైంది. ముందు ఆమె మొహం ఎర్రబడింది. లేచి పైడితల్లి చెంప మీద కొడుతుందేమో అనుకున్నాను. తర్వాత బల్ల మీద మోచేతులు ఆనించి కళ్లు మూసుకుంది. ఫోను ఆమె మాటల్ని ఇలా చెప్పింది. "నేను ఊదలేదని నాకు తెలుసు. కానీ నిన్నటి నుంచి నాకే అనుమానం వచ్చింది, ఊదానేమోనని."

మిగతాది కూడా ఆ ఫోనే చెప్పింది. తొమ్మిదేళ్లు టికెట్ల బల్ల దగ్గర పనిచేస్తూ, పడవ వెనక నిలబడే పని ఇమ్మని అడుగుతూ వచ్చింది. అది మగవాళ్ల పని అన్నారు. చివరికి ఒక నెల పరీక్షగా ఇచ్చారు. ఆ నెల శనివారంతో అయిపోతుంది. శనివారం తొమ్మిదింటికి అధికారి తేల్చి చెబుతాడు. తన ఈల కూతల మీద సరంగుకు ఇన్నాళ్లూ ఏ ఫిర్యాదూ లేదు. నిన్న మాత్రం ఈల వణికిందన్నాడు. వణికే మనిషిని వెనక నిలబెట్టకూడదన్నాడు.

వణికింది అన్న మాట ఫోన్లోంచి రాగానే పైడితల్లి చెయ్యి నా మీదకు వచ్చింది. నన్ను గట్టిగా పిడికిట్లో బిగించింది. ఆ జీలుగు బెండు సంగతి ఆమెకు, నాకు, మాస్టారికి తప్ప ఎవరికీ తెలియదు.

"రేపు తొమ్మిదింటికి నానొత్తాను" అంది.

"మల్ల రైలు సంత" అంది రజిత.

"సంత ఎప్పుడెల్లినా ఉంటాది. ఆ పిల్ల పని రేపటి తరవాత ఉండదు" అంది పైడితల్లి. శనివారం పొద్దున రజిత కూడా సంతకు పోలేదు.

రేవు అధికారి మంచి మనిషే గాని అనుమానపు మనిషి. ఆయనకు కొంచెం ఇంగ్లిషు వచ్చు, రజితకు బాగా వచ్చు. అంతా విని, బల్ల మీద పెన్ను దొర్లిస్తూ కూర్చున్నాడు. ఎక్కడో దేశం కాని దేశం మనిషి, సాయంత్రం విమానం ఎక్కి పోయే మనిషి, తప్పంతా తనదే అంటోంది. చాబా మీద జాలిపడి చెబుతోందని ఆయన అనుకున్నాడు. అదే మాట అన్నాడు కూడా. మనుషులు తప్పు ఒప్పుకోకపోతే నమ్మరు, ఒప్పుకున్నా నమ్మరు.

పైడితల్లి నన్ను మెడలోంచి తీసి ఆయన బల్ల మీద పెట్టింది. "ఊది సూడండి" అంది, తెలుగులోనే. ఆయనకు అర్థమైంది.

ఆయన మోసానికి చోటివ్వని మనిషి. మా అందర్నీ పడవ దగ్గరకు తీసుకుపోయాడు. ముసలి సరంగును గదిలో ముందుకు తిరిగి కూర్చోమన్నాడు, ఇంజను వేయమన్నాడు. వెనక మూడు ఈలలు వరసగా పెట్టాడు. చాబా స్టీలు ఈల, రేవు కాపలావాడి ప్లాస్టిక్ ఈల, నేను. ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే ఊదుతానన్నాడు. ఆ రోజు విన్న కూత వస్తే చెయ్యి ఎత్తమని సరంగుకు చెప్పాడు. చాబా కడ్డీ పట్టుకుని నిలబడింది.

చాబా ఈల ఊదాడు. చెయ్యి లేవలేదు. ప్లాస్టిక్ ఈల ఊదాడు. లేవలేదు. నన్ను రుమాలుతో తుడిచి నోట్లో పెట్టుకున్నాడు. జీవితంలో ఎన్నడూ భయపడని నేను అప్పుడు భయపడ్డాను. కడుపులో బెండు ఈ మూడు రోజుల నది తేమకు ఉబ్బి కదలకపోతే? కొత్త నోరు, కొత్త ఊపిరి, వణుకు రాకపోతే? ఆయన ఊదాడు. నేను సూటిగా లేచి, మధ్యలో వణికి, గుడగుడమని ఆగాను.

సరంగు చెయ్యి లేచింది.

అధికారి వరస మార్చి మళ్లీ ఊదాడు. మళ్లీ నా దగ్గరే లేచింది. మూడోసారి కూడా అంతే. సరంగు ఇంజను ఆపి, గదిలోంచి బయటకు వచ్చి, నన్ను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. చాబా వైపు తిరిగి ఏదో అన్నాడు. రజిత కోసం అధికారి ఆ మాట ఇంగ్లిషులో చెప్పాడు. "ఆ రోజు వణికింది ఇదే. నేను నువ్వు వణికావనుకున్నాను." ఆ ముసలాయన రెండు చేతులూ జోడించి తల వంచాడు, తన కూతురి వయసున్న మనిషికి. చాబా ఏడ్చింది. పైడితల్లి కూడా ఏడ్చింది. కబడ్డీలో మోకాలు చీరుకుపోయినా ఏడవని మనిషిని అలా చూడటం అదే మొదటిసారి.

అంతటితో అయిపోలేదు. సరంగు నన్ను చేతిలోనే ఉంచుకుని అధికారితో చాలాసేపు మాట్లాడాడు. "రేవులో కాపలావాడి ఈల, పక్క పడవ ఈల, రోడ్డు మీద ఈల, అన్నీ ఒకలాగే ఉంటాయి, ఏదో ఒకరోజు ఇంకెవరి కూతకో నేను పడవ కదిలిస్తాను. ఈ గొంతు ఇంజను మోతలో కూడా వేరుగా వినబడుతుంది. నా వెనక ఇలాంటిది ఉంటే చాబాను కళ్లు మూసుకుని నమ్ముతాను." ఇదీ అధికారి ఇంగ్లిషులో చెప్పిన ఆయన మాట. అధికారి తల ఊపాడు. పని చాబాకే ఇస్తానని, అయితే ఎవరికీ లేని ఈల ఒకటి తెచ్చుకోవాలని అన్నాడు. ఎక్కడ దొరుకుతుందని పైడితల్లిని అడిగాడు.

ఎక్కడా దొరకదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అందరూ ఆమెనే చూస్తున్నారు, ఎవరూ నోరు తెరిచి అడగలేదు. ఆమె నన్ను తీసుకుని కాసేపు అరచేతిలో బరువు చూసినట్టు పట్టుకుంది. ఇరవై మూడేళ్లు ఆమె గుండెకు తగులుతూ ఉన్నదాన్ని. ఆమెకు జ్వరమొచ్చిన రోజు కూత ఎలా ఉంటుందో, కోపమొచ్చిన రోజు ఎలా ఉంటుందో నాకు తెలుసు. వద్దు అని అరవాలనిపించింది. పో అని కూడా అరవాలనిపించింది. మైకు గదిలో ఊరికే వేలాడిన ఏడాది గుర్తొచ్చింది. నాకేం కావాలో నాకే తెలియలేదు, ఊదేవాళ్లు లేక ఏదీ చెప్పలేకపోయాను.

"మాస్టారు ఇచ్చినపుడు ఎన్నాల్లుంచుకుంటావని అడగనేదు" అంది పైడితల్లి. తాడు విప్పి, చాబా మెడలో వేసి, ముడి సరిచేసింది.

"సూడమ్మా. ముందు మెట్టు సూడు. తరవాత మనిసిని సూడు. అప్పుడే ఊదు. నాను ఆ రోజు మెట్టు సూణ్ణేదు" అంది. రజిత దాన్ని ఇంగ్లిషు చేసింది, అధికారి థాయ్ చేశాడు. మూడు భాషలు దాటి వచ్చిన ఆ మాటకు చాబా బుద్ధిగా తల ఊపింది. తన స్టీలు ఈల తీసి పైడితల్లి మెడలో వేసింది.

విమానాశ్రయానికి పోయే రైలు ఎక్కాలంటే నది మీదే వంతెన కింది చివరి రేవుకు పోవాలి. మధ్యాహ్నం పైడితల్లి, రజిత సంచులు వేసుకుని చాబా పడవే ఎక్కారు. ఆ ప్రయాణం అంతా పండగలా జరిగింది. రేవు రేవుకు చాబా నన్ను ఊదడం, సరంగు గదిలోంచి చెయ్యి ఊపడం, జనం కొత్త కూత విని తలలు తిప్పడం. పైడితల్లి ఆమె పక్కనే నిలబడి జనాన్ని లోపలికి జరగమని తెలుగులో అదిలించింది. జనం జరిగారు కూడా. రెండు రేవుల మధ్య చాబాకు "రైట్ రైట్" అనడం నేర్పింది. నదికి అటు పక్క గుడి గోపురం ఎండలో మెరుస్తోందని రజిత చూపిస్తుంటే, "ఆగమ్మా, దిగేవాల్లున్నారు" అని పైడితల్లి అటు తిరగనేలేదు. రైలు సంత కోసం బ్యాంకాక్ వచ్చినావిడకు గుడి గోపురం కూడా దక్కలేదు. అయినా ఆ పన్నెండు రోజుల్లో ఆమె మొహం అంత వెలగడం నేను చూడలేదు.

చివరి రేవు వచ్చింది. చాబా తాడు బిగించింది. రజిత దిగింది. పైడితల్లి దిగింది, సంచి సరిచేసుకుని వెనక్కి తిరిగి నిలబడింది. ఎక్కేవాళ్లంతా ఎక్కేశారు. చాబా తాడు విప్పింది, మెట్టు చూసింది, మనుషుల్ని చూసింది. నన్ను నోట్లో పెట్టుకుంది గాని ఊదలేదు. నేను ఆమె పెదవుల మధ్య ఊపిరి కోసం ఎదురుచూస్తూ ఉండిపోయాను. ముందు గదిలో సరంగు కూడా ఎదురుచూస్తున్నాడు. రేవు మీద నా పైడితల్లి, మెడలో పరాయి ఈలతో, ఒక చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఆమెకు తెలిసిపోయింది, తను చెబితే గాని ఈ పడవ కదలదని.

సాలూరు బస్టాండు మైకు అక్కర్లేని గొంతుతో ఆమె ఒక్క కేక వేసింది.

"రైట్ రైట్."

చాబా ఊదింది. ఒక్కటి, పొడుగ్గా. నేను వణుకుతూ కూశాను, ఈసారి వణుకు బెండుది మాత్రమే కాదు. పడవ రేవు విడిచింది. ఇరవై రెండేళ్లలో ఎంతమందిని వాళ్ల వాళ్ల ఊళ్లలో దించానో లెక్కలేదు గాని, ఆమెను స్టాపులో దించి నేను ముందుకు సాగిపోవడం అదే మొదటిసారి.